మి మలేతా అంటే నా పెట్టె

స్పెయిన్‌లో ఒక విమానాశ్రయం. రాత్రి పదకొండు దాటింది. సామాను తిరిగే బెల్టు ముందు గంటసేపటి నుంచి నిలబడి ఉన్నాను. మా విమానంలో వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే తమ పెట్టెలు దించుకుని వెళ్లిపోయారు. ఎవరో మరిచిపోయిన గొడుగు ఒక్కటే బెల్టు మీద ప్రదక్షిణలు చేస్తోంది. కాసేపటికి బెల్టూ ఆగింది. నా పెట్టె రాలేదు.

ఫిర్యాదుల కౌంటర్లో ఓ యువతి ఉంది. ఆమెకు ఇంగ్లిష్ నాలుగు ముక్కలే వచ్చు, నాకు స్పానిష్ నాలుగు ముక్కలే వచ్చు. అవీ బయల్దేరే ముందు ఒక పుస్తకంలోంచి బట్టీ పట్టినవి. మ్యూజియం ఎక్కడ, బిల్లు తెండి, వాతావరణం బాగుంది. అక్కడ ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆమె అడిగింది చాలా చిన్న ప్రశ్న: ‘‘కోమో ఎస్ సు మలేతా?’’ మీ పెట్టె ఎలా ఉంటుంది?

మూడేళ్లుగా నాతో తిరుగుతున్న పెట్టె. ఏ మూలన గీత పడిందో, ఏ చక్రం కీచుమంటుందో నాకు తెలుసు. చెప్పడానికి మాట లేదు. ఆమె ఒక అట్ట తీసి నా ముందు పెట్టింది. రకరకాల పెట్టెల బొమ్మలు, పక్కన రంగుల పట్టీ. నీలం మీద వేలు పెట్టాను. ‘‘అథూల్’’ అంది. నేనూ అన్నాను. పెద్ద పెట్టె మీద వేలు పెట్టాను. ‘‘గ్రాందే.’’ ఇక పెట్టె పిడికి గుర్తు కోసం కట్టిన ఎర్ర పేలిక సంగతి చెప్పాలి. అది మా అమ్మ పాత చీర అంచు. రిబ్బనును థింతా అంటారని ఎక్కడో చదివిన గుర్తు. ‘‘థింతా రోహా’’ అన్నాను. ఆమె కలం ఆగిపోయింది. థింతా అంటే రిబ్బనే. సామాను తిరిగే బెల్టు కూడా థింతానే. నేనేదో ఎర్ర బెల్టు అంటున్నాననుకుని ఆమె బెల్టు నంబరు అడుగుతోంది. నా చేతిసంచికి కూడా అదే అంచు ముక్క కట్టి ఉంది. పట్టుకుని చూపించాను. ‘‘ఆ!’’ అంటూ తలూపి రాసుకుంది. ‘‘మఞానా’’ అంది. రేపు అని.

ఆ రేపు మూడో రోజుకు వచ్చింది. పెట్టె నేను దిగిన చోటికి చేరింది. పిడికి ఎర్రంచు అలాగే ఉంది.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ప్రయాణం కోసం స్పానిష్ నేర్చుకోవాలంటే పెట్టె దగ్గర మొదలుపెట్టండి. పెట్టె, దాని రంగు, పిడి, చక్రం, తాళం, లోపలి బట్టలు. ఇవన్నీ రోజూ చేత్తో ముట్టుకునేవే కాబట్టి వాటి పేర్లు నోటికి తొందరగా పడతాయి. ఇంకో సంగతి కూడా చెబుతున్నాను. ఆ మాటల దగ్గరికి ఇంగ్లిష్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లకండి. తెలుగు నుంచి నేరుగా అడ్డదారి ఉంది.

అచ్చులు మనవే, బండి ఱ కూడా మనదే

స్పానిష్ 20 దేశాల్లో రాజ్యం నడిచే భాష. దాని పలుకుబడి ఇంగ్లిష్ నోటికన్నా తెలుగు నోటికే దగ్గర. అ, ఎ, ఇ, ఒ, ఉ అనే అయిదే అచ్చులు. ఎక్కడ రాసినా అదే పలుకు. ఇంగ్లిష్‌వాళ్లు త ను ట చేస్తారు, ద ను డ చేస్తారు. స్పానిష్‌లో అవి నాలుక పళ్లకు తగిలే త, ద లే. అందుకే మలేతా అని తెలుగులో రాసుకుంటే దాదాపు సరిగ్గా పలికినట్టే. ఇంగ్లిష్ అక్షరాల్లో చదివితే మలేటా అయిపోతుంది. మాటల్లో చాలా భాగం అచ్చుతో ముగుస్తాయి. మలేతా పెట్టె, మొచీలా వీపుసంచి, బియేతే టికెట్, బ్వేలో విమాన ప్రయాణం. మన చెవికి కొత్తగా అనిపించవు.

మనం వాడటం మానేసిన అక్షరాలు కూడా ఇక్కడ పనికొస్తాయి. మఞానాలో ఉన్నది అచ్చంగా మన ఞ. ఇక బండి ఱ సంగతి చూడండి. పండితులు దాన్ని శకటరేఫం అంటారు. స్పానిష్‌లో మామూలు ర ఒకటి, నాలుకను దడదడలాడించే ఱ ఒకటి, రెండూ ఉన్నాయి. కారో అంటే ఖరీదైనది. కాఱ్ఱో అంటే బండి. స్పెయిన్ విమానాశ్రయాల్లో సామాను తోసుకుపోయే ట్రాలీని కాఱ్ఱో అనే అంటారు. బండి అనే మాటకు బండి ఱ కావాల్సి రావడం కాకతాళీయమే. ఒక్కసారి విన్నాక ఆ తేడా మరిచిపోవడం మాత్రం కష్టం.

కొత్తగా పట్టుకోవాల్సినవి కొద్దిగానే ఉన్నాయి. సామానుకు ఎకిపాహె అంటారు. అందులోని హ గొంతులోంచి రావాలి, హైదరాబాద్ ఉర్దూలో ఖబర్ అన్నప్పుడు వచ్చే ఖ లాగా. కొన్నిచోట్ల స్పెయిన్‌వాళ్లు ఇంగ్లిష్ థింక్‌లోని థ పలుకుతారు. లాటిన్ అమెరికా అంతా అక్కడ స అంటుంది. అథూల్ అక్కడ అసూల్, థింతా అక్కడ సింతా. మన వాళ్లకు స తేలిక. ఎవరూ తప్పు పట్టరు.

తెలుగు చెవి పొరబడే చోటు ఒకటి ఉంది. మి మలేతా అంటే ‘మీ పెట్టె’ కాదు, ‘నా పెట్టె’. మీ పెట్టె అనాలంటే సు మలేతా. కౌంటర్ దగ్గర ఎవరైనా సు మలేతా అంటే అది మీదే అన్నమాట. నేను ముందు నేర్చుకుని ఉండాల్సిన మాట ఇదే.

పెట్టె తెరిస్తే పాత చుట్టాలు

ఇంట్లో పెట్టె సర్దుతూ ఒక్కో వస్తువు పైకెత్తి పేరు చెప్పి చూడండి. తువ్వాలు. స్పానిష్‌లో తోఆయా. బొత్తాం, బొతోన్. సబ్బు, హబోన్. కమీజు, కమీసా. బట్టలు తీసిన అల్మారా, అర్మారియో. హైదరాబాద్‌లో చాబీ అనేది స్పానిష్‌లో యావే. చెవికి దూరంగా వినిపించినా రెండూ ఒకే లాటిన్ మాటకు పుట్టినవి.

ఇదేమీ వింత కాదు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు. 1510లో గోవా పోర్చుగీసు వాళ్ల చేతికి వెళ్లింది. వాళ్ల ఓడలతో వచ్చిన వస్తువులు తమ పేర్లతోనే మన ఇళ్లలో చేరాయి. పోర్చుగీసు, స్పానిష్ అక్కాచెల్లెళ్లు. అక్క దగ్గర తీసుకున్న తువ్వాలు చెల్లెలి ఇంట్లోనూ అదే పేరుతో కనిపిస్తుంది. కమీజు మాత్రం అరబ్బుల దారిన, ఉర్దూ మీదుగా మనకు చేరింది.

అరబ్బుల దారి గురించి ఇంకాస్త చెప్పాలి. 711 నుంచి 1492 వరకు స్పెయిన్‌లో ఏదో ఒక భాగం ముస్లిం పాలనలో ఉంది. ఆ కాలపు మాటలు ఇప్పటికీ విమానాశ్రయం గోడల మీద కనిపిస్తాయి. సామాను తనిఖీ చేసే కస్టమ్స్‌ను అదువానా అంటారు. అది అరబ్బీ దివాన్. జమీందారుల కాలంలో మనం దివాణం అన్నదీ, సంస్థానాల్లో దివాను పదవీ అదే మాట. పన్ను కట్టించుకునే కచేరీ అక్కడ సరిహద్దు దగ్గర నిలబడింది, ఇక్కడ జమీందారు లోగిలిలో నిలబడింది. ప్రయాణంలో తినడానికి సంచిలో వేసుకునే పండు నరాంహా. తెలుగులో నారింజ. అది మన దేశం నుంచే పర్షియా, అరేబియా మీదుగా స్పెయిన్ చేరిన మాట.

ఒక్కో సంచికీ ఒక కథ

మాట వెనక కథ తెలిస్తే బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఎకిపాహెకు మూలం ఉత్తర ఐరోపా నావికుల మాట. ఓడకు కావాల్సినవన్నీ అమర్చడం అని దాని అర్థం. ఓడ పోయింది, అమరిక మిగిలింది. మలేతా పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది, చిన్న సంచి అని అర్థం. ఉత్తరాల సంచి కూడా అదే మాట. ఇంగ్లిష్‌లో మెయిల్ అయింది అదే. హౌరా మెయిల్ ఎక్కి ఊరెళ్లిన తరాలు మనకు ఉన్నాయి. ఆ రైలు పేరూ ఈ పెట్టె పేరూ ఒకే సంచిలోంచి వచ్చాయి. మొచీలా బాస్క్ భాషలోని మొచిల్ నుంచి పుట్టింది. పనుల మీద పరుగెత్తే కుర్రాడు మొచిల్. కుర్రాడి పేరు అతడు మోసే సంచికి అంటుకుంది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనది పెతాకా. మెక్సికోలో ప్రయాణపు పెట్టెకు పాత పేరు ఇది. వినగానే మన ‘పెట్టె’ గుర్తొస్తుంది. ఏ సంబంధమూ లేదు. ఇది అజ్‌టెక్కుల భాష నవాత్ల్ మాట. పెత్లాత్ల్ అంటే చాప, కల్లి అంటే ఇల్లు. చాప ఇల్లు. రెల్లుతో అల్లిన పెట్టెకు ఇంతకన్నా మంచి పేరు ఎవరు పెట్టగలరు! 1521లో అజ్‌టెక్కుల రాజధాని స్పానియార్డుల చేతిలో కూలింది. వాళ్ల పెట్టె పేరు మాత్రం గెలిచినవాళ్ల భాషలోకి చేరింది. సముద్రం దాటి స్పెయిన్ వెళ్లాక ఆ మాట కుంచించుకుపోయింది. అక్కడ పెతాకా అంటే పొగాకు తిత్తి, లేదా జేబులో పట్టే మందు సీసా. మెక్సికోలో సామాను గురించి కాకుండా బహువచనంలో వాడితే పిరుదులని కూడా అర్థం. కాబట్టి కౌంటర్ దగ్గర మలేతాతో సరిపెట్టుకోండి.

స్పానిష్ సాహిత్యంలో పెద్ద గ్రంథం సెర్వాంతెస్ ‘దోన్ కిహోతె’. మొదటి భాగం 1605లో వచ్చింది. అందులోనూ సామాను గొడవ తక్కువ కాదు. వీరుడు చేతిలో పైసా లేకుండా బయల్దేరితే, సత్రం యజమాని మందలిస్తాడు. డబ్బూ ఉతికిన చొక్కాలూ వెంట ఉండాలంటాడు. తర్వాత మరో సత్రంలో బస ఖర్చు కింద అతడి సేవకుడు సాంచో జోలెసంచులు జప్తవుతాయి. వాటి పేరు అల్ఫోర్హాస్, అదీ అరబ్బీ మాటే. ఇంకొన్ని అధ్యాయాలు గడిచాక సియెర్రా మొరేనా కొండల్లో దారి పక్కన సగం కుళ్లిన మలేతా ఒకటి దొరుకుతుంది. సాంచో తెరిచి చూస్తే నాలుగు సన్నపు చొక్కాలు, చేతిరుమాల్లో బంగారు నాణేలు, ఒక చిన్న రాతపుస్తకం ఉంటాయి. దోన్ కిహోతె పుస్తకం తీసుకుని, బంగారం సాంచోకు ఇచ్చేస్తాడు. పెట్టె ఎవరిదో తెలుసుకోవడానికి లోపలి వస్తువులే ఆధారమని నాలుగు వందల ఏళ్ల కిందటే ఆ నవల చెప్పింది. ఇవాళ పోయిన సామాను ఫారంలోనూ అదే అడుగుతారు: లోపల ఏమున్నాయి?

ఊరు మారితే పేరు మారుతుంది

ఒకే భాష అయినా దేశానికో పేరు. తెలుగులో మాత్రం లేదా? ఆనపకాయ, సొరకాయ అంటూ ఊరికో పేరున్న మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు. అర్జెంటీనాలో పెట్టెను మలేతా అనరు, బలీహా అంటారు. టికెట్ స్పెయిన్‌లో బియేతే, మెక్సికోలో బొలేతో, దక్షిణ అమెరికాలో చాలాచోట్ల పసాహె. పెట్టెను విమానంలోకి పంపడం స్పెయిన్‌లో ఫక్తురార్, మెక్సికోలో దొకుమెంతార్, అర్జెంటీనాలో దెస్పచార్. టాక్సీ వెనక సామాను పెట్టే డిక్కీ స్పెయిన్‌లో మలెతేరో, మెక్సికోలో కహ్వేలా, అర్జెంటీనాలో బఊల్.

బస్సు విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. కమ్యోన్ అంటే స్పెయిన్‌లో లారీ, మెక్సికోలో బస్సు. గ్వాగ్వా అంటే కేనరీ దీవుల్లో, క్యూబాలో బస్సు. అదే మాటకు చిలీ, పెరూల్లో చంటిబిడ్డ అని అర్థం. అక్కడది కెచువా భాష నుంచి వచ్చిన వేరే మాట. బస్సు ‘పట్టుకోవడానికి’ స్పెయిన్‌లో నిక్షేపంగా వాడే కొహేర్ మెక్సికో, అర్జెంటీనాల్లో బూతు. తొమార్ అంటే ఎక్కడైనా చెల్లుతుంది. ఏ దేశం వెళ్తున్నారో తేల్చుకుని ఆ దేశపు మాటలే నేర్చుకోండి. అన్నీ కలగలిపి బట్టీ పడితే అవసరానికి ఒక్కటీ గుర్తురాదు.

నాకు ఒక పెట్టె తక్కువైంది

మాటలు దొరికాయి సరే, వాక్యం కట్టడమెలా? ఇక్కడ తెలుగు చేసే సాయం మామూలుది కాదు. పాఠ్యపుస్తకాలు స్పానిష్‌ను ఇంగ్లిష్ ద్వారా చెబుతాయి. ‘నాకు ప్రయాణం నచ్చుతుంది’ అనే వాక్యం దగ్గర ఇంగ్లిష్ పిల్లలు వారాల తరబడి తడబడతారు. వాళ్ల భాషలో మనిషే ఆ పని చేస్తాడు. మన భాషలో, స్పానిష్‌లో ప్రయాణమే మనిషికి నచ్చుతుంది. ‘మె గుస్తా’ అంటే ‘నాకు నచ్చుతుంది’. ముక్కకు ముక్క సరిపోతుంది. బెల్టు దగ్గర మూడు పెట్టెల్లో రెండే వస్తే ‘మె ఫాల్తా ఉనా మలేతా’ అనాలి. నాకు ఒక పెట్టె తక్కువైంది. తెలుగులో అనుకున్నది అనుకున్నట్టే.

ఇంకొంచెం లోతుకు వెళ్దాం. ‘పెట్టె పోగొట్టుకున్నాను’ అంటే తప్పు నాది. ‘పెట్టె పోయింది’ అంటే నా ప్రమేయం లేదు. ఈ తేడా మనకు పసితనం నుంచే తెలుసు. పలక పగలగొట్టావా అంటే పగిలిపోయింది అంటాం కదా! స్పానిష్‌లోనూ అంతే. ‘పెర్దీ లా మలేతా’ అంటే పోగొట్టుకున్నాను. ‘సె మె పెర్దియో లా మలేతా’ అంటే పోయింది, నష్టం నాకు.

మర్యాద కూడా తెలిసిన దారే. నువ్వుకు తూ, మీరుకు ఉస్తేద్. కౌంటర్ దగ్గర ఉస్తేద్ అనండి. ‘తమ దయ’ అనే పాత గౌరవవాచకం అరిగి అరిగి ఉస్తేద్ అయింది. మన తమరు గుర్తొస్తుంది. క్రియలోనే మనిషి ఉంటాడు కాబట్టి నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. వచ్చాను అంటే చాలు, యెగే అంటే చాలు.

ఒకటి మాత్రం మనకు బొత్తిగా కొత్త. వస్తువులకు ఆడ, మగ ఉంటుంది. పెట్టె ఆడది, లా మలేతా. సామాను మగది, ఎల్ ఎకిపాహె. రంగు వస్తువు తర్వాత వస్తుంది, దానికి తగ్గట్టు మారుతుంది. నల్ల పెట్టె మలేతా నేగ్రా, నల్ల చేతిసంచి బొల్సో నేగ్రో. ఆహె అని ముగిసే ఎకిపాహె, బియాహె, పసాహె అన్నీ మగవే. లా, ఎల్ కలిపే పేరు నేర్చుకుంటే చిక్కు సగం తగ్గుతుంది.

అనంతపురం మాట

ఈ భాష మనకు అంత దూరపుదేం కాదు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంతె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. జిల్లా నోట ఆయన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్. 2009లో కన్నుమూసేదాకా ఆ కరవు నేల మీదే ఉన్నారు. ఆయన మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు (ఆర్‌డీటీ) స్పెయిన్‌లో వేల కుటుంబాలు అండ. ఊళ్లలో పిల్లలు రాసే తెలుగు ఉత్తరాలు స్పానిష్‌లోకి మారి అక్కడికి వెళ్తాయి, అక్కడి జవాబులు తెలుగులోకి వస్తాయి. సాయం చేసే ఆ దూరపు మనిషి పేరు పద్రీనో. తాము అండగా నిలిచిన పిల్లల్ని చూడ్డానికి పద్రీనోలు మలేతాలతో అనంతపురంలో దిగుతుంటారు. వాళ్ల వెంట తెలుగు పల్లెల్లో తిరుగుతూ రెండు భాషల మధ్య మాట మోసే యువత అక్కడ ఉంది. ఇంగ్లిష్ చాటు లేకుండా తెలుగు, స్పానిష్ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే చోటు మన రాష్ట్రంలోనే ఉందంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆ అనుభవంతో తెలుగువాళ్ల కోసం ఒక స్పానిష్ వాచకం రావాలని నా కోరిక.

పద్ధతిగా చదవాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లో విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది, ఢిల్లీలో సెర్వాంతెస్ సంస్థ ఉంది. అమెరికాలో మన పిల్లలు చాలామంది బడిలో రెండో భాషగా స్పానిషే చదువుతున్నారు. వాళ్లను చూడ్డానికి వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు మనవడితో కలిసి పెట్టె సర్దుకుంటే చాలు. వాడు తోఆయా అనాలి, మీరు తువ్వాలు అనాలి.

స్టేషన్లో, కొండదారిలో

స్పెయిన్ వెళ్తే నాలుగు బోర్డులు గుర్తుంచుకోండి. యెగాదాస్ అంటే రాకలు. సలీదాస్ అంటే పోకలు. సలీదా అని ఒక్కటే ఉంటే బయటికి దారి. కొన్సిగ్నా అంటే సామాను దాచుకునే చోటు. మాడ్రిడ్ అతోచా స్టేషన్లో పెట్టె అక్కడ పెట్టి ఊరు చూసి రావచ్చు. వేగపు రైలు ఆవె ఎక్కే ముందు సామాను స్కానర్ గుండా వెళ్లాలి. కాబట్టి కాస్త ముందే చేరుకోండి.

నడిచి వెళ్లేవాళ్లూ ఉన్నారు. స్పెయిన్‌లో క్రైస్తవులు చేసే సాంతియాగో తీర్థయాత్రలో సామాను అంటే మొచీలా ఒక్కటే. ఆఖరి 100 కిలోమీటర్లయినా నడిస్తే యాత్రాపత్రం ఇస్తారు, సైకిలు మీదైతే 200. వీపు మొయ్యలేకపోతే అక్కడి తపాలా శాఖే మొచీలాను తర్వాతి మజిలీకి చేరుస్తుంది. ఉత్తరాల సంచి, ప్రయాణపు సంచి మళ్లీ ఒక్కటైనట్టే.

పెట్టె రాకపోతే కౌంటర్ దాటి బయటికి రాకముందే ఫిర్యాదు రాయించండి, కాగితం తీసుకోండి. భారత్, స్పెయిన్ రెండూ ఉన్న 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె పాడై వస్తే 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క.

ఈసారి పెట్టె మూసే ముందు దాన్ని ఒక ఫొటో తీసుకోండి. ఒక చీటీ మీద తెలుగు అక్షరాల్లోనే అయిదు ముక్కలు రాయండి: మి మలేతా, దాని రంగు, గ్రాందే లేదా పెకేఞా, చక్రాలుంటే కోన్ ర్వేదాస్, పిడికి కట్టిన గుర్తు. ఆ చీటీని పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి.